హోమ్స్ కౌంటీ (ఒహాయో)

హోమ్స్ కౌంటీ అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒహాయో రాష్ట్రపు ఈశాన్య భాగమున గల గ్రామీణ కౌంటీ. దీని ముఖ్యపట్టణము మిల్లర్స్‌బర్గ్. 2000 జనగణనలో 38,943గా ఉన్న జనాభా 2020 నాటికి 44,223కు పెరిగినది. కౌంటీ అనునది పరిపాలనలో మన జిల్లా వంటిదే గాని, జనసంఖ్యను బట్టి చూచిన ఇది మన మండలమంత మాత్రమే. ఈ జనాభాలో సుమారు సగము మంది ఆమిష్ అను క్రైస్తవ శాఖకు చెందినవారు. వీరు విద్యుత్ సంస్థల తీగలను ఇంటికి తెచ్చుకొనరు, మోటారు వాహనములను సొంతము చేసికొనరు. ఇంటిలో పెన్సిల్వేనియా డచ్ అను జర్మన్ మాండలికమును, బయటివారితో ఇంగ్లీషును మాట్లాడుదురు. పెన్సిల్వేనియాలోని లాంకాస్టరు ప్రాంతముతో పాటు, హోమ్స్ కౌంటీ కేంద్రముగా గల ఈ స్థావరము ప్రపంచములోని రెండు అతిపెద్ద ఆమిష్ స్థావరములలో ఒకటి.

చరిత్ర

1795 నాటి గ్రీన్‌విల్ ఒడంబడికలో అమెరికా ఆదివాసుల భూమికి, వలసదారుల భూమికి నడుమ గీసిన సరిహద్దు రేఖ ఈ ప్రాంతము మీదుగానే సాగినది. పెన్సిల్వేనియాలోని సోమర్‌సెట్ కౌంటీ నుండి జోనాస్ స్టట్జ్‌మన్ 1809లో వచ్చి వాల్‌నట్ క్రీక్ వద్ద నివాసమేర్పరచుకొనెను. ఆయనయే ఇచ్చటి మొదటి ఆమిష్ వలసదారు. పొరుగు కౌంటీల భాగములను కలిపి 1824లో ఈ కౌంటీని ఏర్పరచి, 1814లో యుద్ధమున మరణించిన మేజర్ ఆండ్రూ హోమ్స్ పేరు పెట్టిరి. అంతర్యుద్ధ కాలమున, 1863లో, పశ్చిమ భాగపు రైతులు నిర్బంధ సైనిక సేవను ఎదిరించి సాయుధులై నిలువగా, ప్రభుత్వ సేనలు వచ్చి వారిని చెదరగొట్టినవి. యుద్ధమునే నిరాకరించు ఆమిష్ వారి శాంతివాదమునకు, ఈ తిరుగుబాటుకు సంబంధము లేదు.

వ్యవసాయము, పాడి

తూర్పు, దక్షిణ భాగముల నేల మిట్టపల్లములతో కూడినది. పెద్ద యంత్రముల సేద్యమునకు అంతగా అనుకూలము కాని ఇట్టి నేలపై చిన్న కమతములు, గుర్రముల నాగళ్ళు నిలిచియుండుట ఆశ్చర్యము కాదు. బెల్జియన్ జాతి గుర్రములతో దున్ని, మొక్కజొన్న, ఓట్స్, గోధుమ, పశుగ్రాసము మార్చి మార్చి పండింతురు. పంటలో అధికభాగము పశువుల మేతకే పోవును. రైతుకు రొక్కము తెచ్చునది పాలు.

ఈ పాల విషయమున కట్టుబాటుకు, వాణిజ్యమునకు ముడి ఎట్లు పడినదో గమనింపదగినది. నేరుగా త్రాగుటకు అమ్ము మొదటి శ్రేణి పాలను కఠిన నిబంధనల ప్రకారము పెద్ద తొట్లలో శీతలీకరింపవలెను. అట్టి యంత్రములను అంగీకరింపని సంఘములవారు పాలను క్యానులలో నింపి రెండవ శ్రేణి పాలుగా అమ్ముదురు. వీటిని జున్ను తయారీకే వాడుదురు. ఈ లోయలలో జున్ను కర్మాగారములు నిలదొక్కుకొనుటకు ఇది యొక ముఖ్య కారణము. స్విట్జర్లాండు నుండి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ గగ్గిస్‌బర్గ్ 1960లలో చార్మ్ గ్రామము వద్ద రూపొందించిన 'బేబీ స్విస్' జున్ను దేశమంతట ప్రసిద్ధి చెందినది.

పొలము నుండి కార్ఖానాకు

ఆమిష్ కుటుంబములలో ఆరుగురు, ఏడుగురు సంతానము సామాన్యము. ఉత్తర అమెరికాలో వీరి జనాభా సుమారు ఇరువది ఏండ్లకొకమారు రెట్టింపగుచున్నది. భూమి మాత్రము పెరుగదు గదా! ధరలు పెరిగి, కుమారులందరికి పొలము కొనియిచ్చుట తండ్రులకు అసాధ్యమైనది. నేడు వ్యవసాయమే ప్రధాన వృత్తిగా గల ఆమిష్ కుటుంబములు అల్పసంఖ్యాకములు. మిగిలినవారు కలప కోత, గృహనిర్మాణము, అన్నిటికంటె మిన్నగా ఓక్, చెర్రీ కలపతో సామాను చేయు వడ్రంగములలో స్థిరపడిరి. కౌంటీలో ఇట్టి కార్ఖానాలు వందల సంఖ్యలో కలవు.

విద్యుత్ తీగ లేకయే ఇవి పనిచేయుచున్నవి. డీజిలు ఇంజను గాలిని లేక నూనెను ఒత్తిడితో గొట్టములలోనికి పంపగా, ఆ ఒత్తిడితో రంపములు, చిత్రిక యంత్రములు తిరుగును. తమ సంఘమునకు ఏది హాని, ఏది కాదు అని విచారించి ఒక్కొక్క యంత్రమును అంగీకరించుటయో నిరాకరించుటయో వీరి పద్ధతి. వీరు యంత్రద్వేషులనుట పొరపాటు. ఇటీవలి కాలమున సౌరఫలకములతో నింపుకొను బ్యాటరీ సైకిళ్ళను కొన్ని సంఘములు అనుమతించినవి. అత్యంత సనాతనులైన స్వార్ట్‌జెంట్రూబర్ శాఖవారు వీటి జోలికి పోరు.

తండ్రి దినమంతయు పొలములోనే, పిల్లల కంటి ముందే ఉండు కుటుంబమునకు ఈ మార్పు చిన్నది కాదు. పెద్దల ఆందోళన అంతయు ఇచ్చటనే. అందువలననే ఇంటి ప్రక్కనే కార్ఖానా కట్టుకొనుటను దూరపు ఉద్యోగము కంటె మేలుగా ఎంచుదురు.

సంఘ జీవనము

ఇరువదియైదు నుండి నలువది కుటుంబములు కలిసి ఒక సంఘము. చర్చి భవనము ఉండదు. రెండు వారములకొకమారు ఒక్కొక్కరి ఇంట ప్రార్థన జరుగును, బల్లలు బండిలో ఇల్లిల్లు తిరుగును. బోధకుని ఎన్నుకొనుటకు పాటల పుస్తకములలో ఒకదానియందు చీటీ ఉంచెదరు. అది ఎవరి చేతికి వచ్చిన వారే జీవితాంతము బోధకులు, జీతము లేదు. వృద్ధులు పెద్ద ఇంటిని సంతానమునకు విడిచి, ప్రక్కనే కట్టిన చిన్న ఇంటిలో నుందురు.

వీరు ఆరోగ్య బీమా తీసికొనరు. ఆసుపత్రి ఖర్చును సంఘములు పంచుకొనును, చాలనిచో వేలములు, విందులు జరిపి చందా కూర్చుదురు. ఆదాయపు పన్ను, భూమి పన్ను చెల్లించుదురు గాని, ప్రభుత్వ వృద్ధాప్య భద్రతా పథకము నుండి 1965 చట్టము స్వయం ఉపాధి గల ఆమిష్ వారికి మినహాయింపు నిచ్చినది. 1988లో ఆమిష్ యజమాని వద్ద పనిచేయు ఆమిష్ కార్మికులకును ఇది వర్తించినది. సొంత కార్ఖానాలకు ఇదియు ఊతమైనది.

విద్య

ఆమిష్ పిల్లల చదువు ఎనిమిదవ తరగతితో ముగియును. విస్కాన్సిన్ రాష్ట్రము నుండి వచ్చిన వ్యాజ్యమున అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1972లో ఈ హక్కును గుర్తించెను. సంఘమును వీడదలచిన యువకునికి ఈ చదువు చాలదను విమర్శ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. మరొక వైపు, ఉన్నత పాఠశాల పట్టము, ఆరోగ్య బీమా ఈ రెండిటను ఒహాయోలో అట్టడుగున కనిపించు ఈ కౌంటీయే నిరుద్యోగము అతి తక్కువగా గల కౌంటీలలో తరచు ఒకటి. గణాంకములను మాత్రమే చూచు విద్యార్థి దీనిని వెనుకబడిన ప్రాంతమని పొరబడును.

పర్యాటకము, రహదారులు

బెర్లిన్ గ్రామమునకు ఏటా లక్షలాది సందర్శకులు వత్తురు. అచ్చట ఆమిష్, మెన్నొనైట్‌ల చరిత్రను తెలుపు, హైంజ్ గాగెల్ చిత్రించిన 265 అడుగుల వలయాకార చిత్రము కలదు. కార్ల రద్దీ గుర్రపు బండ్లకు ప్రమాదకరమైనది. బండ్లపై మిణుకుమను పసుపు దీపము ఉండవలెనని ఒహాయో 2022లో చట్టము చేయగా, సనాతన శాఖలవారు వ్యతిరేకించిరి. పాత రైలుమార్గముపై వేసిన హోమ్స్ కౌంటీ బాటలో సైకిళ్ళతో పాటు గుర్రపు బండ్లకు ప్రత్యేక వరుస కలదు.

వలసలు

భూమి దొరకని కుటుంబములు, కట్టుబాటు మరింత కఠినముగా నుండవలెననువారు ఇతర కౌంటీలకు, రాష్ట్రములకు తరలి క్రొత్త స్థావరములు ఏర్పరచుచున్నారు. పొరుగు కౌంటీలోని షుగర్‌క్రీక్ నుండి 1890లో ఆరంభమైన 'ది బడ్జెట్' వారపత్రికలో ఆ ఊళ్ళ లేఖరులు వాన, కోత, జననములు, మరణములు, వచ్చిన చుట్టములను గూర్చి వ్రాయుదురు. టెలిఫోను ఇంటిలో లేని ఈ కుటుంబములు దూరపు బంధువుల క్షేమమును అందు చదివి తెలిసికొందురు.