ఆంత్రశోథవ్యాధి – రక్షకకణములపై శర్కరాశాఖలు

ప్రేవుల లోపలిపొర దీర్ఘకాలము వాచి, పుండ్లుపడి, నెత్తురుతోను జిగటతోను కూడిన విరేచనములను, కడుపునొప్పిని, కృశత్వమును కలిగించు వ్యాధులకు ఆంత్రశోథవ్యాధు లని పేరు. వీనిలో పెద్దప్రేగునకు పరిమితమగు అల్సరేటివ్ కొలైటిస్‌ను 1859లో లండనునందు శామ్యూల్ విల్క్స్ వర్ణించెను. క్రోన్స్ వ్యాధిని 1932లో న్యూయార్కునందు క్రోన్, గింజ్‌బర్గ్, ఒపెన్‌హైమర్ అను వైద్యులు లోకమునకు తెలియజేసిరి.

శరీరరక్షణకై పుట్టిన టీ-కణములు స్వదేహముపైననే యేల తిరుగబడు నను ప్రశ్నకు సమాధానము చిరకాలము జన్యువులయందును, ప్రేగులలోని సూక్ష్మజీవులయందును వెదకబడెను. కణముల పైనున్న మాంసకృత్తులను చెట్టుకొమ్మలవలె అంటియుండు చక్కెర గొలుసులకు, అనగా గ్లైకానులకు, ఇందు గల ప్రాధాన్యము 2001లో టొరంటో పరిశోధకులు డెమెట్రియు, డెన్నిస్ ప్రభృతుల కృషివలన స్పష్టపడసాగెను. ఎంగ్యాట్-5 అను ఎంజైము కల్పించు శాఖలను గెలెక్టిన్-3 అను మాంసకృత్తు పట్టుకొని, కణముపైని గ్రాహకములు ఒకచోట గుమిగూడకుండ నాపును. ఆ ఎంజైము లోపించిన ఎలుకలలో ఈ కట్టడి సడలి, స్వల్పప్రేరణకే టీ-కణములు ఉద్రేకించుచున్నవని వారు చూపిరి.

అల్సరేటివ్ కొలైటిస్ రోగుల ప్రేగులలోని టీ-కణములపై ఈ శాఖలు తగ్గియున్నవనియు, వ్యాధి ముదిరినకొలది లోపము హెచ్చుననియు 2014లో పోర్చుగల్‌నందలి పోర్తో నగరమున సలోమె పిన్యో బృందము ప్రకటించెను. రోగుల టీ-కణములకు ఎన్-ఎసిటైల్ గ్లూకోసమైను నందించగా శాఖలు మరల పెరిగి ఉద్రేకము తగ్గుటను, ఎలుకలలో వ్యాధి నెమ్మదించుటను 2018లో ఆ బృందమే నిరూపించెను. అంతకు పూర్వమే, 2000లో, ఇతర చికిత్సలకు లొంగని వ్యాధిగల 12 మంది పిల్లలకు లండను వైద్యులు ఈ పదార్థమును నోటిద్వారా ఇయ్యగా 8 మందికి మేలు కనిపించెను. ఆశాజనకమే గాని, ఇంత చిన్న ప్రయత్నమును నమ్ముకొని దుకాణములో దొరకు గ్లూకోసమైను బిళ్లలను మ్రింగుట తగదు.

ఈ విషయము మనకు దూరపుది కాదు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు రూపా బెనర్జీ ప్రభృతులు 30,000కు మించిన రోగులను కొలనోస్కోపీతో పరీక్షించి 2023లో ప్రకటించిన పరిశీలనయందు, ఈ వ్యాధి పట్టణవాసులలో నెంతయో గ్రామీణులలోను దాదాపంతయే కానవచ్చెను. కనుక జగిత్యాల, కోరుట్ల పరిసరముల పొలములలో శ్రమించువారును, సిరిసిల్ల మరమగ్గముల కార్మికులును దీనికి వెలుపలివారు కారు. నెత్తురు పడినంతనే మొలలనియో, బంకవిరేచనములనియో తలచి నెలలు గడపినచో వ్యాధి ముదురును. ప్రేగుక్షయ క్రోన్స్‌ను పోలియుండుటచే నిర్ణయము మన దేశమున మఱింత కష్టము. విరేచనములలో నెత్తురు కొన్ని వారములు విడువక పడుచున్నచో, పాఠకులు సంకోచము విడిచి, కరీంనగరమున గాని హైదరాబాదున గాని ఉదరవ్యాధి నిపుణుని చూచి కొలనోస్కోపీ చేయించుకొనవలయును.