అత్తయ్య జాడీలో ఉసిరి

2021 ఏప్రిల్‌లో మా వీధి మెడికల్ షాపులో విటమిన్ సి బిళ్లలు అయిపోయాయి. ఉత్తచేతులతో ఇంటికొచ్చి విసుక్కుంటుంటే మా అత్తయ్య, "జాడీలో ఉసిరికాయ పచ్చడి ఉందిగా, ఎందుకమ్మా కంగారు" అన్నారు. ఆవిడకు విటమిన్ల గొడవ తెలియదు. కార్తీకంలో కాయలు దంచి, ఉప్పు, పసుపు కలిపి జాడీకెత్తడం తెలుసు. ఆర్నెల్ల పచ్చడిలో ఇంకేం మిగులుతుందిలే అనుకున్నాను. ఆ అనుమానంతోనే చదవడం మొదలుపెట్టా.

స్కర్వీ అని ఒక జబ్బు ఉండేది. నెలల తరబడి ఓడల్లో తిరిగే నావికులకు చిగుళ్లు వాచి, రక్తం కారి, పాత గాయాలు మళ్లీ తెరుచుకుని ప్రాణం పోయేది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు 12 మంది రోగుల్ని ఇద్దరిద్దరుగా విడదీసి ఒక్కో జంటకు ఒక్కోటి ఇచ్చి చూశాడు. ఒకరికి వెనిగర్, ఒకరికి సముద్రపు నీళ్లు (పాపం!), ఇంకొకరికి నారింజ, నిమ్మకాయలు. పళ్లు తిన్నవాళ్లు వారంలోపే లేచి తిరిగారు. అయినా బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసం తప్పనిసరి చేసింది 1795లో. మందు కళ్లెదుట పెట్టుకుని అన్నేళ్లు మనుషుల్ని పోగొట్టుకున్నారు. ఆ పళ్లలో ఉన్నదేమిటో తేలింది మాత్రం 1930లలోనే.

మన దగ్గర చరకసంహిత రసాయన ప్రకరణం కరక్కాయ, ఉసిరికాయలతోనే మొదలవుతుంది. చ్యవనప్రాశ అందులోదే. అంతమాత్రాన చరకుడికి విటమిన్ సి తెలుసని నేననను. ఆయన చూసింది కాయ గుణాన్ని, అందులోని పదార్థాన్ని కాదు.

నన్ను ఆపేసింది హిస్సార్ కథ. ఇప్పటి హర్యానాలో ఉన్న ఆ జిల్లాలో 1939-40లో కరువొచ్చింది. పచ్చికూర అన్నది కంటికి కనబడక జనానికి స్కర్వీ పట్టుకుంది. అప్పుడు వాళ్లకు ఉసిరి ఇస్తే నయమైంది. అంతకు కొంచెం ముందే, 1936లో, ఉసిరిలోని వగరు పదార్థం సి విటమిన్‌ను పాడవకుండా కాపాడుతుందని దామోదరన్, నాయర్ అనే ఇద్దరు రాశారు. నా జాడీ అనుమానానికి కొంత జవాబు అక్కడ దొరికింది. కొంత పోతుంది, అంతా పోదు.

కూనూరులో ఆహార పదార్థాల పోషక విలువలు కొలిచిన పరిశోధనశాలే 1958లో హైదరాబాదు వచ్చింది. అదే ఇప్పటి తార్నాక జాతీయ పోషకాహార సంస్థ. వాళ్ల పాత పట్టికలో 100 గ్రాముల ఉసిరికి 600 మిల్లీగ్రాములు. 2017 పట్టికలో అది సగానికన్నా తగ్గింది, అయినా నిమ్మకాయ దాని దరిదాపుల్లో లేదు. ఇదంతా పెద్ద ఉసిరి లెక్క. బడి దగ్గర ఉప్పూకారం అద్దుకుని తిన్న రాచ ఉసిరి వేరే చెట్టు.

ఇంత చదివి, రోజూ అందరికీ ముద్దలో కలిపి పెట్టి, ఇక మాకేం రాదని ధీమాగా ఉన్నాను. మే నెలలో ఇంటిల్లిపాదికీ కరోనా వచ్చింది. అత్తయ్యకే ఎక్కువై తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉన్నారు. సి లోటుతో వచ్చే జబ్బును ఉసిరి తగ్గిస్తుంది. వైరస్‌ను గుమ్మం దగ్గర ఆపుతుందని ఆ పుస్తకాలేవీ చెప్పలేదు, నేనే కలుపుకున్నాను.

ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, నోరు చప్పగా ఉంటుందని వేడన్నంలో ఉసిరికాయ పచ్చడి, నెయ్యి కలిపి తీసుకెళ్లాను. కంచం వైపు చూసి, "ఇవాళ ఆదివారం కదమ్మా, ఉసిరి తినకూడదు. రేపు పెట్టు" అన్నారు.