చాకు పదునుపై ఓడ మోకుల ప్రభావం

ఓడల్లో, పడవల్లో వాడే మోకులను కోసేటప్పుడు జేబు చాకు అంచు మూడు విధాలుగా దెబ్బతింటుంది: అరగడం, మడతపడడం, తుప్పుపట్టడం.

మనీలా మోకును అరటి జాతికి చెందిన అబాకా మొక్క నారతో పేనుతారు. ఈ మొక్క ఫిలిప్పీన్స్‌లో విరివిగా పండుతుంది. గరుకైన ఈ నార పురుల మధ్య ఇసుక ఇరుక్కుంటుంది. ఇసుక రేణువు చాకు ఉక్కు కంటే గట్టిది కనుక కోసేకొద్దీ అంచు అరుగుతుంది. మొద్దుబారిన అంచును వెలుతురులో పట్టి చూస్తే సన్నని తెల్లని గీత మెరుస్తుంది. పదునైన అంచు మెరవదు. మెత్తని ఉక్కుతో చేసిన పలుచని అంచు, కోస్తూ పక్కకు తిప్పితే ఒక వైపుకు మడతపడుతుంది.

వనేడియం కార్బైడ్లనే గట్టి రేణువులు ఎక్కువగా ఉన్న ఉక్కు నెమ్మదిగా అరుగుతుంది, కానీ సాన పట్టడం కష్టం. కార్బన్ చాలా తక్కువగా ఉన్న హెచ్1 వంటి ఉక్కు ఉప్పునీటి తుప్పును బాగా తట్టుకుంటుంది.



నునుపైన నైలాన్, పాలిథిలిన్ మోకులపై సాదా అంచు జారుతుంది. రంపపు పళ్ల అంచు పట్టు దొరకబుచ్చుకుంటుంది. పని ముగిశాక చాకును మంచినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి.