కుక్కరు కూత – కంపెనీ ఫోను

2020 ఏప్రిల్లో మా అక్క కూతురింటికి ఓ అట్టపెట్టె వచ్చింది. అప్పట్లో ఏ పెట్టె వచ్చినా గుమ్మం బయటే ఎండబెట్టి, తుడిచి, ఆ తర్వాతగానీ లోపలికి రానిచ్చేవాళ్ళం కాదు కదా! ఇదీ ఓ పూటంతా ఎండలో పడుంది. విప్పి చూస్తే నల్లటి టేబుల్ ఫోను. "పీకి అవతల పారేసిన ఫోను మళ్ళీ ఎందుకొచ్చిందే?" అని విస్తుపోయింది వాళ్ళత్తగారు.

చూడ్డానికి ఆ ఫోనే గానీ, ఇది వేరే జాతి. ఇంటర్నెట్ ఫోను. మనం మాట్లాడే మాటని బీన్సు తరిగినట్టు సెకనుకి యాభై ముక్కలుగా తరిగి, ముక్కముక్కకీ చిరునామా అంటించి వదుల్తుంది. అవతల మళ్ళీ వరసగా పేర్చుకుంటారు. ఇదంతా సెకనులో ఏడోవంతు లోపల జరిగిపోతే మనకేం తెలియదు. ఆలస్యమైతే మాత్రం ఇద్దరూ ఒకేసారి మాట్లాడ్డం, ఇద్దరూ ఒకేసారి ఆగిపోవడం, అచ్చం పెళ్ళిచూపుల్లోలాగే! ఈ విద్య 1974లోనే అమెరికాలో ఆర్పానెట్ మీద సాధించారట. మన దేశంలో ఇంటర్నెట్ మీద ఫోను మాట్లాడుకోవడానికి అనుమతి వచ్చింది మాత్రం 2002 ఏప్రిల్ 1న.

సరే, ఫోనైతే వచ్చింది, వెలగదే! ఆఫీసులో దీనికి కరెంటు కూడా ఆ నెట్ తీగలోంచే అందుతుంది. ఇంట్లో ఆ వైభోగం ఉండదు కాబట్టి విడిగా అడాప్టరు కావాలి. అది పెట్టెలో పెట్టడం మర్చిపోయారు. నాలుగు రోజులకి అదొచ్చింది. ఇప్పుడు పిల్ల మాట అవతలివాళ్ళకి వినిపిస్తోంది, వాళ్ళ మాట పిల్లకి వినిపించదు. తప్పెవరిదీ అంటే, ఆ ఫోను అవతలివాళ్ళకి ఇంటి లోపలి చిరునామా ఇచ్చిందిట. అంటే పోస్టుమాన్‌కి 'వంటింటి పక్క గది' అని చెప్పినట్టన్నమాట. ఆఫీసులో ఒకే పద్ధతిన వెయ్యి ఫోన్లు పెట్టడం సులువే. వెయ్యి ఇళ్ళల్లో వెయ్యి రకాల రూటర్ల మధ్య పెట్టాలంటే ఆ కుర్రాళ్ళు ఏమైపోవాలి పాపం! చివరికి ఇంటినించి ఆఫీసుదాకా ఎవరికీ కనబడని సొరంగంలాంటి దారి వేశాక, అదే వీపీఎన్ అంటారు, అప్పుడు పలికింది.

ఇంతకీ ఆఫీసుని ఫోను తీగ పట్టుకుని ఇంట్లోకి తెచ్చిన తొలి ఇల్లాలెవరా అని నాకు సందేహం వచ్చింది. వెతికితే ఇంగ్లండులో స్టెఫనీ షర్లీ అనే ఆవిడ దొరికింది. అయిదేళ్ళ వయసులో, 1939లో, హిట్లర్ బారినించి తప్పించుకొచ్చిన పిల్లల్లో ఒకతె. 1962లో ఆరు పౌన్ల పెట్టుబడితో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కంపెనీ పెట్టింది. పెళ్ళయ్యో, పిల్లలు పుట్టో ఉద్యోగం మానేసిన చదువుకున్న ఆడవాళ్ళని పోగేసింది. కాయితం, పెన్సిలు, ఫోను ఉంటే చాలు, ఇంట్లోనే పని. మొదటి మూడువందల మందిలో మగవాళ్ళు ముగ్గురే! స్టెఫనీ అని సంతకం పెట్టి ఉత్తరాలు రాస్తే ఎవరూ పలకలేదు. 'స్టీవ్' అని రాయడం మొదలెట్టాక జవాబులొచ్చాయి. కాంకార్డ్ విమానం బ్లాక్‌బాక్సుకి ప్రోగ్రాము రాసింది ఈ ఇల్లాళ్ళే.

వీటన్నిటికన్నా నా మనసులో నాటుకుపోయింది ఒక చిన్న సంగతి. ఫోను వచ్చినప్పుడు ఆవిడ పక్కన టేప్‌రికార్డరు పెట్టేదిట. అందులో టకటకా టైపు కొట్టే చప్పుడు. ఆ వెనకాల చంటివాడి ఏడుపు వినిపించకూడదని! అంత పెద్ద కంపెనీ నడిపిన మనిషి దాచుకోవలసి వచ్చింది అప్పుల్ని కాదు, పిల్లాణ్ణి.

ఆ తర్వాత కథ అమెరికాలో. 2000లో జెట్‌బ్లూ అనే విమానాల కంపెనీ న్యూయార్కులో మొదలైంది. టిక్కెట్ల కోసం ఫోను చేస్తే పలికేది మాత్రం ఎక్కడో సాల్ట్ లేక్ సిటీలో ఇళ్ళల్లో కూర్చున్న గృహిణులు. పెద్ద హాలు, అద్దె, కుర్చీలు ఏమీ లేవు. వందలమందికి ఇంటర్నెట్ ఫోన్లు వాళ్ళ వాళ్ళ ఇళ్ళల్లోనే అమర్చారు. ఫ్రీడ్‌మన్ అనే పాత్రికేయుడు 2005లో తన పుస్తకంలో వీళ్ళ గురించి రాస్తూ, పిల్లల్ని చూసుకుంటూ, వంట చేసుకుంటూ, నవలలు కూడా రాసుకుంటూ టిక్కెట్లు ఇస్తున్నారన్నాడు. ఆ నవలల ముక్క దగ్గర నేను ఆగిపోయాను. అలాంటి వంటిల్లు ఎక్కడుందో కాస్త చెబితే నేనూ వెళ్ళి చూసొద్దును.

మరి మన దగ్గరో? కాల్‌సెంటరు ఉద్యోగి ఇంటినించి పనిచేయవచ్చని 2008 నిబంధనల్లోనే ఉంది. అయితే కంపెనీ కోటి రూపాయల పూచీ కట్టాలి! ఇంట్లో కూర్చున్నవాళ్ళు విదేశీ కాల్సుని ఊళ్ళో కాల్సుతో దొంగచాటుగా కలిపేస్తారని ప్రభుత్వానికి భయం. ఎవరు కడతారమ్మా కోటి? ఆ పన్నెండేళ్ళలో ఎందరు ఆడపిల్లలు కాన్పుకి వెళ్ళి, మళ్ళీ రాత్రి డ్యూటీకి కంపెనీ కారెక్కలేక ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నారో! మా అక్క పెద్దకూతురు వాళ్ళలో ఒకతె. ఫోను వచ్చింది చిన్నదానికి. కరోనా రాగానే 2020 మార్చి 13న ఆ పూచీ పక్కన పెట్టేశారు. నవంబరులో ఆ షరతునే ఎత్తేశారు. ఒక్క సంతకంతో పోయే అడ్డంకికి పన్నెండేళ్ళు!

అన్నట్టు, ఫోను పలికిన మొదటి వారం చిన్నదాని ఇంట్లో కర్ఫ్యూ. వెనకాల ఏ చప్పుడూ వినిపించకూడదని కంపెనీ ఆజ్ఞ. మిక్సీ లేదు, టీవీ లేదు. అత్తగారు మునివేళ్ళ మీద నడిచేది. ఓ మధ్యాహ్నం ఎవరో పెద్దావిడ పాలసీ డబ్బు గురించి ఫోను చేసింది. పిల్ల లెక్క చెబుతూండగా కుక్కరు గొంతెత్తి కూసింది. పిల్ల నాలిక కరుచుకుని, "సారీ మేడమ్" అంది.

అవతల ఆవిడ ఒక్క క్షణం ఆగి, "పప్పా అమ్మా? అది మూడోది. వెళ్ళి దింపేసి రా, నేనుంటాను" అందిట.