పాతికేళ్ల ఆట, కొత్త వారం

2024 ఆగస్టులో ఫ్రెంచి కంపెనీ యూబీసాఫ్ట్ ఒక కొత్త కంప్యూటర్ ఆటను ప్రకటించింది. ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్’ వరుసలో రాబోతున్న ఆ ఆట పేరు ‘ఓల్డెన్ ఎరా’. పేరులోనే పాతకాలం ఉంది గానీ, అంతకన్నా గమనించాల్సింది కథాస్థలం. 2006 నుంచి యూబీసాఫ్ట్ ఈ ఆటలన్నిటినీ తాను కల్పించిన ‘ఆషాన్’ లోకంలోనే నడుపుతూ వచ్చింది. ఇప్పుడు దాన్ని పక్కనపెట్టి, 2000లో ‘మైట్ అండ్ మ్యాజిక్ 8’లో కనిపించిన జడామ్ ఖండానికి, అంటే అసలు సృష్టికర్తలు కట్టిన పాత ప్రపంచానికి తిరిగి వెళ్లింది. పద్దెనిమిదేళ్లు పెంచిన లోకాన్ని ఒక కంపెనీ ఇలా వదులుకోవడం అరుదు. ఇందుకు అందరూ చెప్పే కారణం జ్ఞాపకాల మీద మోజు. తొంభైల్లో ఆడుకున్న పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి, జేబులో డబ్బుంది, చిన్ననాటి ఆట కావాలంటున్నారు, కంపెనీ అమ్ముతోంది. ఈ లెక్క తప్పని అనను, సగం లెక్క అంటాను. జ్ఞాపకానికే అంత బలం ఉంటే, 2015లో అచ్చంగా జ్ఞాపకాన్నే అమ్మబోయిన ఇదే కంపెనీ ఎందుకు తిట్లు తిన్నదో అర్థం కాదు. ఈ ఆట పాతికేళ్లు నిలిచిందంటే, జీతం భత్యం లేకుండా కొందరు ఆటగాళ్లు దాన్ని మరమ్మతు చేస్తూ, పెంచుతూ రావడమే అందుకు అసలు కారణం.

ఆట సంగతి తెలియనివారి కోసం కాస్త వెనక్కి వెళ్లాలి. అమెరికాలో జాన్ వాన్ కానెగెమ్ 1984లో న్యూ వరల్డ్ కంప్యూటింగ్ అనే సంస్థ పెట్టాడు. 1990లో ‘కింగ్స్ బౌంటీ’ చేశాడు. దాన్ని పెంచి పెద్దచేస్తే 1995లో మొదటి ‘హీరోస్’ వచ్చింది. 1999లో వచ్చిన మూడో భాగంతో ఆట శిఖరానికి చేరింది. చదరంగంలో లాగే ఇందులోనూ వంతులుంటాయి. ఒక వంతు అంటే ఒక రోజు. ఏడు రోజులకు వారం తిరుగుతుంది, వారం మొదటి రోజున కోటల్లో కొత్త సైన్యం పుడుతుంది. కోటలో రోజుకు ఒక్క కట్టడమే లేస్తుంది. బంగారం, కట్టెలు, ఖనిజం, పాదరసం, గంధకం, స్ఫటికాలు, రత్నాలు అనే ఏడు వనరుల కోసం హీరో గుర్రమెక్కి గనులు వెతుక్కుంటూ పోవాలి. ఎంత దూరం పోతే అంత రాబడి. కానీ పుట్టిన సైన్యం కోటలోనే కూర్చుని ఉంటుంది, దాన్ని తీసుకోవాలంటే వెనక్కి రావాలి. ముందుకా, వెనక్కా అన్న ఈ ఒక్క సంకటం నుంచే ఆట మొత్తం పుడుతుంది. శత్రువు ఎదురైతే యుద్ధం ఆరు మూలల గళ్ల మీదికి మారుతుంది. వంద అస్థిపంజరాలున్నా తెర మీద కనిపించేది ఒకే బొమ్మ, దాని కింద వంద అన్న అంకె. మూడో భాగంలో కోటలు ఎనిమిది రకాలు, ఒక్కోదానిలో ఏడు అంతస్తుల ప్రాణులు, ప్రతిదానికీ ఒక మెరుగైన రూపం. ‘టవర్’ కోటలో చేతి నిండా కత్తులు పట్టిన నాగిని కూడా ఉంది, మన నాగకన్యకు చుట్టమే, కాకపోతే బాగా దూరపు చుట్టం. ఒకే కంప్యూటర్ ముందు కుర్చీ మారుతూ నలుగురైదుగురు ఆడుకోవచ్చు. ఇంటర్నెట్ అందరికీ అందని రోజుల్లో పోలండ్, రష్యా లాంటి దేశాల్లో ఆట అంత లోతుగా పాతుకుపోవడానికి ఈ ఏర్పాటు చాలావరకు కారణం.

ఆ తర్వాతి కథలో ఆటకన్నా కంపెనీల జాతకాలే ఎక్కువ. 1996లోనే న్యూ వరల్డ్‌ను త్రీడీవో సంస్థ కొనేసింది. మూడో భాగం విజయం చూసి ఆ పేరుతో చిన్నాచితకా ఆటలు వరుసగా వదిలింది. 2002లో నాలుగో భాగం వచ్చేనాటికి ఖజానా ఖాళీ, సగమే ఉడికిన ఆట మార్కెట్‌లో పడింది. ఇంటర్నెట్‌లో కలిసి ఆడే వీలు కూడా విడుదల నాటికి లేదు. 2003లో త్రీడీవో దివాలా తీస్తే, మైట్ అండ్ మ్యాజిక్ హక్కుల్ని యూబీసాఫ్ట్ 13 లక్షల డాలర్లకు దక్కించుకుంది. అక్కడి నుంచి ప్రతి భాగానికీ ఒక కొత్త దేశం, కొత్త బృందం. ఐదోది 2006లో రష్యాకు చెందిన నివల్ చేసింది. మంచి ఆటే, రాక్షస రాజా, రాక్షస రాణి అనే పేర్లతో పులి ముఖాల యోధులు దర్శనమిస్తారు. ఆరోది 2011లో హంగరీలోని బ్లాక్ హోల్ చేసింది. అందులో ఏడు వనరుల్ని నాలుగుకు కుదించారు. ఆట వచ్చిన మరుసటి ఏడాదే ఆ స్టూడియో మూతబడింది. ఏడోది 2015లో జర్మనీ సంస్థ లింబిక్ చేతుల మీదుగా, లోపాల మూటతో వచ్చింది. ఒకరు నేర్చుకున్నది ఇంకొకరికి అందే దారి లేదు. ప్రతి బృందమూ ముందుకా, వెనక్కా అన్న ఆ సంకటాన్ని మళ్లీ మొదటి నుంచి కనిపెట్టాల్సి వచ్చింది.

నా వాదనకు గట్టి సాక్ష్యం 2015లోనే దొరుకుతుంది. ఆ ఏడాది జనవరిలో యూబీసాఫ్ట్ మూడో భాగాన్ని కొత్త తెరలకు తగ్గట్టు బొమ్మలు సానబట్టి ‘హెచ్‌డీ ఎడిషన్’గా తెచ్చింది. అదే సంగీతం, అవే కోటలు, పదహారేళ్ల జ్ఞాపకం మెరుగుపెట్టి మరీ ఇచ్చింది. కానీ ‘ఆర్మగెడాన్స్ బ్లేడ్’, ‘షాడో ఆఫ్ డెత్’ అనే రెండు విస్తరణలూ అందులో లేవు. వాటి సోర్స్ కోడ్ పనికొచ్చే స్థితిలో చేతికి రాలేదని కంపెనీ చెప్పింది. ఎప్పటికప్పుడు కొత్త మ్యాప్‌ను పుట్టించే సదుపాయం ఆ విస్తరణలతోనే వచ్చింది కాబట్టి అదీ లేదు. ఇటు చూస్తే, అభిమానులు సోర్స్ కోడ్ అన్నది కంటితో కూడా చూడకుండానే పాత ప్రోగ్రామ్‌ను విప్పి, చదివి, అతుకులు వేస్తూ 2011 చివర్లో ‘హార్న్ ఆఫ్ ది అబిస్’ విడుదల చేశారు. అందులో సముద్రపు దొంగల కోట ‘కోవ్’ పూర్తిగా కొత్తది. మితిమీరిన మంత్రాలకూ నైపుణ్యాలకూ కళ్లెం వేశారు, మ్యాప్ పుట్టించే పద్ధతిని బాగుచేశారు, ఇంటర్నెట్‌లో పోటీలకు లాబీ కట్టారు. మరో బృందం 2007లో మొదలుపెట్టి ఆట ఇంజిన్ మొత్తాన్ని ‘వీసీఎంఐ’ పేరుతో తిరగరాసింది, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. పాత బొమ్మ ఒకవైపు, నడుస్తున్న పని మరోవైపు నిలబడితే పోటీ ఆటగాళ్లు పని వైపు వెళ్లారు. వింత ఏమిటంటే, ‘హార్న్ ఆఫ్ ది అబిస్’ ఆడాలంటే పాత సంపూర్ణ ప్రతి కావాలి, కంపెనీ తళతళలాడించి అమ్మిన హెచ్‌డీ ఎడిషన్ దానికి పనికిరాదు.

దీనికి ఎదురు ప్రశ్న బలంగానే ఉంది. ఈ అభిమానులే కదా 1999లో కొత్తదనాన్ని తరిమికొట్టింది? మొదటి విస్తరణలో ‘ఫోర్జ్’ అనే యంత్రాల కోటను చేర్చాలని న్యూ వరల్డ్ అనుకుంది. మాయాలోకంలోకి తుపాకులు, యంత్రభాగాలు అతికించిన సైనికులు వస్తున్నారని తెలిసి గగ్గోలు లేచింది, బహిష్కరణ పిలుపులు వచ్చాయి, కంపెనీ జంకి ‘ఫోర్జ్’ను తీసేసి ‘కాన్‌ఫ్లక్స్’ పెట్టింది. నిజానికి మైట్ అండ్ మ్యాజిక్ కథల్లో అంతరిక్ష నౌకలూ, ప్రాచీనుల యంత్రాలూ మొదటి నుంచీ ఉన్నవే. సంప్రదాయం పేరుతో అరిచినవాళ్లకే ఆ సంప్రదాయం తెలియదు. అంతవరకు ఆక్షేపణను ఒప్పుకోవాలి. కానీ 2023 ముగుస్తుండగా ‘హార్న్ ఆఫ్ ది అబిస్’ బృందం ‘ఫ్యాక్టరీ’ అనే కోటను చేర్చింది. అందులో మెకానిక్కులు, మరమనుషులు, చివరికి తుపాకీ పట్టిన వేటగాళ్లు కూడా ఉన్నారు. ఈసారి జనం సంబరపడ్డారు. వేషం మారినందుకే కోపం వచ్చేదైతే ఇది జరగదు. ఏళ్ల తరబడి ఆట పట్టును కాపాడి చూపించిన చేతుల నుంచి వచ్చింది కాబట్టి నమ్మారు. నాలుగో భాగం సంగతి వేరు. అందులో హీరోలు స్వయంగా రణరంగంలోకి దిగడం, సైన్యం తనంతట తానే బండి కట్టుకుని ఒక కోట నుంచి ఇంకో కోటకు చేరడం లాంటి మార్పులు ఆట పునాదినే కదిలించాయి. సైన్యమే ముందున్న కోటకు నడిచొస్తే అంత వెనక్కి రావాల్సిన అవసరమేముంది? ఆ ఊహల్లో కొన్ని బాగున్నాయనే అంటాను, వాటిని సరిచూసుకునే సమయం మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఇంకో అభ్యంతరం, ఇవి తీరిక ఉన్న కాలపు ఆటలనేది. పెద్ద మ్యాప్ తీసుకుంటే ఒక పూట చాలదు, చివరి అంకంలో గెలుపు తెలిసిపోయాక కూడా గంటసేపు మూలమూలలా శత్రువును వెతకాలి. ఇది నిజమైన లోపమే, వ్యామోహం దాన్ని కప్పిపుచ్చుతుంది. అయితే వంతులవారీ ఆటల కాలం చెల్లిందనడానికి ఇది రుజువు కాదు. 1994 నాటి ‘ఎక్స్‌కామ్’ను 2012లో ఫిరాక్సిస్ సంస్థ నియమాలు బాగా తగ్గించి తిరిగి నిలబెట్టింది. స్వీడన్‌లోని చిన్న స్టూడియో లావాపోషన్, హీరోస్ పేరు లేకుండానే ఆ బాటలో ‘సాంగ్స్ ఆఫ్ కాంక్వెస్ట్’ చేసి 2024లో పూర్తి చేసింది. ‘ఓల్డెన్ ఎరా’ను తయారుచేస్తున్న అన్‌ఫ్రోజెన్ కూడా పాత పద్ధతి పక్కన, ఒక్క హీరోతోనే నడిచే పద్ధతినీ, నేరుగా యుద్ధానికే దిగే ‘అరీనా’నూ పెట్టింది. తీరిక లేనివాళ్లకు ఇవి చాలు.

సంగీతానికి పాత స్వరకర్త పాల్ రొమేరోను పిలిచారన్న వార్తకు దక్కినంత చర్చ, మ్యాప్ ఎడిటర్ ఉంటుందన్న వార్తకు దక్కలేదు. నాకు రెండోదే ముఖ్యం. రొమేరో బాణీలు వినగానే పాత రోజులు గుర్తొస్తాయి, నిజమే, ఆ గుర్తు రెండు మూడు సాయంత్రాలకు సరిపోతుంది. ఎడిటర్ ఎంత లోతుగా ఉంటుంది, కొత్త కోటను చేర్చాలనుకునే బయటివాళ్లకు ఫైళ్లు ఎంతవరకు తెరుస్తారు అన్నదాన్ని బట్టి ఆట పదేళ్లా, పది నెలలా అన్నది తేలుతుంది. హక్కులు కంపెనీవి, శ్రమ అభిమానులది. ఇన్నాళ్లూ ఆ శ్రమను యూబీసాఫ్ట్ చూసీచూడనట్టు వదిలేసింది గానీ, ఆ మౌనం హక్కు కింద లెక్కకు రాదు. 2025లో ముందస్తు విడుదల అన్నది 2026కి జరిగింది. దీన్ని నేను శుభసూచకంగానే తీసుకుంటాను, తొందరపడి వదిలిన నాలుగో భాగం గతి చూశాక ఇంకో ఏడాది ఆగడం ఖరీదైన పని కాదు.