మొరం కింద నీటి లెక్క

కొత్తగూడలో కొత్త భవనానికి పునాది తీస్తున్నప్పుడు ఆ గోతి అంచును కాస్త నిలబడి చూస్తే హైదరాబాద్ నేల కట్టుబడి మొత్తం తెలిసిపోతుంది. పైన పలచగా ఎర్రమట్టి, దాని కింద గునపానికి రాలే మొరం, ఆ కింద పగుళ్లు బారిన రాయి, అట్టడుగున ఎక్కడా బీట లేని బండ. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు ఇది. ఈ పొరల్లో నీరు ఎక్కడ ఆగుతుంది, ఎంత ఆగుతుంది, తోడితే ఎన్నాళ్లు వస్తుంది? కొత్తగూడ ఉన్న ఐటీ కారిడార్‌లో ప్రతి అపార్ట్‌మెంటు సంఘమూ వేసవి రాగానే అడిగే ఈ ప్రశ్నకు ఓపికగా జవాబు వెతికిన సంస్థ నగరానికి ఆ కొసన, హబ్సిగూడ దాటాక ఉప్పల్ రోడ్డులో ఉంది. ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ.

చాలామందికి ఇది ఎక్కడైనా భూమి కంపించిన రోజున టీవీలో వినిపించే పేరు. కొయనా భూకంపాల గురించి, సముద్రగర్భంలోని గ్యాస్ హైడ్రేట్ల గురించి రాయడానికి నాకంటే తెలిసినవాళ్లు ఉన్నారు. నేను బావుల గురించే రాస్తాను. ఇంటి ముంగిట, తెలంగాణ పల్లెల్లో, అవే బావుల దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లి నీటిమట్టం కొలిచిన పని ఈ సంస్థ చేసిన పనులన్నిటిలోనూ మనకు ఎక్కువ దగ్గరిదని నా నమ్మకం.

1961లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి కింద సంస్థ మొదలైంది. తొలి డైరెక్టర్ ఎం.ఎస్. కృష్ణన్. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు అధిపతి అయిన మొదటి భారతీయుడు ఆయనే. నీటి విషయంలో ఇక్కడివాళ్లకు తొందరగా పేరు తెచ్చిన పని ట్రిటియంతో చేసిన కొలత. ట్రిటియం అంటే రేడియోధార్మిక గుణమున్న హైడ్రోజన్. వానాకాలం రాకముందే పొలంలో, మొక్కల వేళ్లు పీల్చుకోలేనంత లోతున దాన్ని అతి కొద్ది మోతాదులో నేలలోకి ఎక్కించి గుర్తు పెట్టుకుంటారు. వానలు ఆగాక అదే చోటికి వెళ్లి, చేత్తో తిప్పే ఆగర్‌తో జానెడు జానెడు మట్టి తీసి, ఏ లోతు మట్టిని ఆ లోతు సంచిలో కట్టి తెస్తారు. ట్రిటియం ఎంత కిందికి దిగిందో, మధ్యలో ఎంత తేమ ఉందో చూస్తే ఆ ఏడు వాననీరు భూగర్భంలోకి ఎంత చేరిందో లెక్క తేలుతుంది. ఆర్.ఎన్. అథావలే, ఆయన సహచరులు కరీంనగర్ వైపు దిగువ మానేరు పరీవాహకంలో ఈ పద్ధతితో చేసిన అధ్యయనం 1980లో అచ్చయింది. ఆ తర్వాత దేశమంతటా 35 ప్రాంతాల ఫలితాలు కలిపి, ఏటా మన నేలలోకి ఇంకే నీటికి ఆర్. రంగరాజన్, అథావలే ఒక అంచనా వేశారు. అది 2000లో వచ్చింది. అంచనా అన్న ఒక్క మాట వెనుక ఎన్ని మట్టి సంచులు, ఎన్ని జీపు ప్రయాణాలు ఉంటాయో ఊహించుకోవచ్చు.

అయితే కొత్తగూడ వాసికి అన్నిటికంటే పనికొచ్చేది మహేశ్వరం కథ. ఫ్రాన్స్‌కు చెందిన బీఆర్‌జీఎం అనే భూవిజ్ఞాన సంస్థతో కలిసి 1999లో ఎన్‌జీఆర్‌ఐ ప్రాంగణంలోనే ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం ఏర్పడింది. నగరానికి దక్షిణంగా ఉన్న మహేశ్వరం పరీవాహకాన్ని వాళ్లు ప్రయోగశాలగా ఎంచుకున్నారు. 53 చదరపు కిలోమీటర్ల నేల. కాలువ లేదు, ఏడాది పొడుగునా పారే వాగు లేదు. వరి, కూరగాయలు, పూలు అన్నీ బోర్ల మీదే. ఆ కొద్దిపాటి నేలలో అప్పుడు నడుస్తున్న బోర్లు 700కు పైనే.

అక్కడ పని ఎలా ఉండేదో చెప్పాలి. నీటిమట్టం కొలిచే టేపు కొసన చిన్న ప్రోబ్ ఉంటుంది. అది నీటిని తాకగానే పైన చక్రం దగ్గర మోత వినిపిస్తుంది. చూడటానికి సులువే. కానీ మోటరు నడుస్తుండగా తీసిన కొలత పనికిరాదు, ఆపాక నీరు తిరిగి తన మట్టానికి వచ్చేదాకా ఆగాలి. అప్పట్లో పొలాలకు త్రీఫేజ్ కరెంటు విడతల వారీగా వచ్చేది, కరెంటు రాగానే ఊళ్లో మోటర్లన్నీ ఒక్కసారిగా అందుకునేవి. అంటే శాస్త్రవేత్త దినచర్యను రాసేది కరెంటు లైను. వానలకు ముందు ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి ఊరంతా తిరిగి బావి బావికీ కొలత తీసుకోవాలి. ఎవరి బోరు ఎన్ని గంటలు నడుస్తుందో రైతును అడిగి రాసుకోవాలి. పరికరం పట్టుకుని పొలంలో దిగిన ఎవరికైనా ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: "సారూ, పాయింటు ఎక్కడ పెట్టమంటరు?" బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చెప్పమని. అప్పు చేసి వేసిన బోరు ఎండిన ఇంట్లో ఆ ప్రశ్నకు ఎంత బరువుందో తెలిసినవాళ్లే ఆ ఊళ్లలో ఏళ్ల తరబడి పని చేయగలరు.

ఆ కొలతలతో వాళ్లు చేసిన లెక్క నాకు అబ్బురంగా తోస్తుంది. ఎండాకాలంలో వాన దాదాపు ఉండదు. కాబట్టి మట్టం ఎంత పడిపోయినా దానికి ముఖ్య కారణం తోడకమే. ఎంత తోడారో, అందులో ఎంత తిరిగి పొలంలోంచి ఇంకిపోయిందో తెలిస్తే, ఒక మీటరు మందం రాతిలో నిజంగా ఎంత నీరు దాగి ఉందో బయటపడుతుంది. వరి మడికి పెట్టిన నీటిలో దాదాపు సగం మళ్లీ కిందికే దిగుతుందని, కూరగాయలకు పెట్టినదానిలో పావు వంతే దిగుతుందని కూడా వాళ్లే తేల్చారు. రాతిలో నీటి పాలు ఒకసారి తెలిశాక, వానాకాలంలో మట్టం ఎంత పెరిగిందో చూసి వాన ఇచ్చింది ఎంతో చెప్పొచ్చు. 2006లో జర్నల్‌లో వచ్చిన ఈ లెక్కలో నీటి పాలు 1.4 శాతం.

ఈ అంకె దగ్గర కాసేపు ఆగుదాం. మీటరు లోతు రాతిలో దొరికేది 14 మిల్లీమీటర్ల నీరు. ఎకరం స్థలంలో నీటిమట్టం ఒక మీటరు పడిపోయిందంటే తోడింది సుమారు 57 వేల లీటర్లు. పదివేల లీటర్ల ట్యాంకర్లు ఆరు నిండవు. మంచి వానలకు 70 మిల్లీమీటర్లు లోపలికి దిగితే చాలు, మట్టం అయిదు మీటర్లు లేస్తుంది. మన బోర్లు అక్టోబరులో నిండుగా కనిపించి, ఏప్రిల్ నాటికి గాలి కక్కడానికి కారణం ఇదే. నేల మోసం చేయడం లేదు, దాని కడుపే అంత చిన్నది.

ఇంకో సంగతి. నీరు నిల్వ ఉండేది ఎక్కువగా మొరంలో, బోరులోకి నడిచి వచ్చేది దాని కింది పగుళ్ల పొర గుండా. ఆ పగుళ్ల పొర మహేశ్వరంలో 35, 40 మీటర్ల లోతుతో దాదాపు ముగిసిపోతుంది. ఆ కింద పగుళ్లు తగలడం అరుదు. బెన్వా దెవాందెల్, జాన్-క్రిస్టోఫ్ మరెషాల్, షకీల్ అహ్మద్ తదితరులు గీసిన ఈ పొరల చిత్రాన్ని ఇతర దేశాల గ్రానైటు నేలల్లోనూ ఆధారంగా తీసుకుంటున్నారు. మహేశ్వరంలో వాళ్లు కొలిచేనాటికే తోడకం ఎక్కువై మొరం పొర చాలావరకు ఎండిపోయింది. ఊరు ఆ కింది పగుళ్ల పొర మీదే బతుకుతూ ఉండేది.

విజయవాడ రోడ్డులో చౌటుప్పల్ దగ్గర మరో క్షేత్రం ఉంది. కంచె వేసిన నేల, లోపల పరిశోధన కోసమే వేసిన బోర్లు, సాగుకు తోడేవాళ్లు లేరు. తోడకం కలవని నేల తన పద్ధతిలో ఎలా నిండుతుందో, ఎలా దిగుతుందో అక్కడ చూడొచ్చు. అక్కడి కొలతల నుంచి 2014లో ఒక ముఖ్యమైన విషయం తేలింది. మట్టం పైన ఉన్నప్పుడు నీరు పక్కపక్క నేలలతో కలిసి పారుతుంది, లోతుకు పడిపోయాక ఎక్కడికక్కడ విడివిడి గదుల్లా తెగిపోతుంది. పక్క అపార్ట్‌మెంటులో నీళ్లొస్తూ మన బోరు ఎండటం వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటని నేను అనుకుంటున్నాను.

సంస్థ నీటి పని ఇంతటితో అయిపోలేదు. పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థాలు భూగర్భంలో ఎటు పాకుతాయో లెక్క కట్టారు. అప్పటి నల్లగొండ జిల్లా వాయిలపల్లిలో ఫ్లోరైడ్ ఏ రాతిలోంచి వస్తోందో వెతికారు. హెలికాప్టర్‌కు తీగచుట్ట వేలాడదీసి రాజస్థాన్ నుంచి తమిళనాడు దాకా నేల పొరలను పరిశీలించారు. 2002లో కక్ష్యలోకి వెళ్లిన గ్రేస్ జంట ఉపగ్రహాల గురుత్వ కొలతలతో వి.ఎం. తివారీ ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలతో కలిసి 2009లో ప్రచురించిన ఫలితం ప్రపంచం చెవిన పడింది: ఉత్తర భారతంలో, పొరుగు ప్రాంతాల్లో కలిపి భూగర్భజలం ఏటా 54 ఘన కిలోమీటర్ల చొప్పున తరుగుతూ వచ్చింది. ఆకాశం నుంచి అంత పెద్ద లెక్క తేలడం గొప్పే. కానీ ఆ ఉపగ్రహాలకు కనిపించేది వందల కిలోమీటర్ల విస్తీర్ణం. కొత్తగూడ వాటి కంటికి ఆనేది కాదు. మన లెక్క ఎప్పటికైనా టేపుతోనే తేలాలి.

కొత్తగూడకు, మహేశ్వరానికి రాయి జాతి ఒకటే. వాడకం తీరే వేరు. మహేశ్వరంలో వరి మడి తోడిన నీటిలో సగం తిరిగి ఇచ్చేది. ఇక్కడ తోడిన నీరు డ్రైనేజీలోకి పోతుంది. పైగా రెండు మూడు అంతస్తుల సెల్లార్ల కోసం మనం మొట్టమొదట తవ్వి లారీల్లో ఎత్తి పంపేది ఆ మొరాన్నే, నీటిని నిల్వ ఉంచే పొరనే. గోతిలో ఊరిన నీటిని మోటర్లు పెట్టి రోడ్డు పక్క కాలువలోకి వదిలేస్తాం. ఆ తర్వాత వెయ్యి అడుగుల బోరు వేస్తాం, పగుళ్ల పొర దాటిపోయాక ఏదైనా తగలకపోతుందా అని.

అందుకే ఎన్‌జీఆర్‌ఐని ఒకటి అడగాలనిపిస్తోంది. కొత్తగూడ పక్కనే బొటానికల్ గార్డెన్‌గా మనం పిలుచుకునే రిజర్వు అడవి ఉంది, 274 ఎకరాలు. సెల్లార్లు తవ్వని, మొరం చెక్కుచెదరని అంత పెద్ద నేల ఈ కారిడార్‌లో అరుదు. అటవీ శాఖ, రాష్ట్ర భూగర్భ జల శాఖ కలిసొస్తే అక్కడ చౌటుప్పల్ లాంటి పరిశీలన క్షేత్రం చిన్నపాటిది పెట్టొచ్చు. మొరంలో ఆగే బోరు ఒకటి, పగుళ్ల పొరలోకి దిగేది ఒకటి, పక్కన వర్షమాపకం. రోడ్డుకు ఇవతల ఇష్టపడి ముందుకొచ్చిన అపార్ట్‌మెంట్ల బోర్లలోనూ అదే వారం, మోటరు ఆపి, అదే టేపుతో కొలత తీయాలి. వచ్చిన అంకెలను కాలనీ నోటీసు బోర్డుల మీద తెలుగులో అంటించాలి. టేపు పట్టడం నేర్పితే కొలతలు తీసే యువకులు ఇక్కడ కావలసినంత మంది ఉన్నారు, వాళ్ల పేర్లు రాసి పంపే పని మా కాలనీ నుంచి నేను చూసుకుంటాను.