మన చలి ఎప్పుడు పోతుంది? పారువేట పల్లకీ నుంచి ఫోన్ గ్యాలరీ దాకా

ఫిబ్రవరి వచ్చిందంటే రీల్స్‌లో ఒక బొద్దు జంతువు తిరుగుతా ఉంటుంది, చూసే ఉంటారు. దాని పేరు గ్రౌండ్‌హాగ్. అమెరికాలో పంక్సటానీ అనే ఊళ్లో ఫిబ్రవరి 2న దాన్ని బయటికి తీస్తారు. దానికి తన నీడ కనిపిస్తే చలి ఇంకో ఆరు వారాలు ఉంటుందట. 1887 నుంచి ఇదే తంతు. నేను చూసి నవ్వుతా ఉంటే మా అవ్వ పక్కనే కూర్చోని అడిగింది, "సరే అబ్బీ, మన చలి ఎప్పుడు పోతాదో చెప్తాదా నీ ఫోను?"

చెప్పలేదు. నా యాప్‌లో రేపటి చలి ఉంది, వారం చలి ఉంది. ఈ ఏటికి చలి అయిపోయిందా అంటే మాత్రం జవాబు లేదు.

అవ్వ లెక్క వేరే. మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. కనుమ రోజు అహోబిలం నరసింహస్వామి పల్లకీ పారువేటకు బయలుదేరుతుంది. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. ఫాల్గుణంలో జరిగే తన పెళ్లికి సామే వచ్చి జనాన్ని పిలుస్తాడని మా నమ్మకం. చెంచులకైతే ఆయన అల్లుడు. పల్లకీ కొండ దిగేటప్పుడు అందరూ దుప్పట్లు కప్పుకొని ఉంటారు. తిరిగి గుడి చేరేసరికి నీడ వెతుక్కుంటారు. అంటే చలికాలం చివరంతా మా పక్క ఒక ఊరేగింపు రూపంలో నడుస్తుందన్నమాట.

ఇక్కడ ఒక చిక్కుంది. కనుమ సూర్యుడి లెక్క, జనవరి మధ్యలోనే వస్తుంది. ఫాల్గుణం చంద్రుడి లెక్క, అది జరుగుతా ఉంటుంది. శివరాత్రికి చలి "శివ శివా" అంటా పోతుందంటారు కదా. 2024లో శివరాత్రి మార్చి 8న వచ్చింది. 2026లో ఫిబ్రవరి 15నే. మూడు వారాల తేడా! చలి పండగ కోసం కాచుకొని ఉంటుందా?

ఇది ఊరికే అడగడం లేదు. నంద్యాల పక్క నల్లరేగట్లో వానలు వెనకబడినాక శనగ వేస్తాం. నేలలో మిగిలిన తేమ, మంచు, చలి, వీటి మీదే పంట. ఒక ఏడు మా నాయన శనగ ఆలస్యంగా వేసినాడు. ఫిబ్రవరిలోనే ఎండ ముదిరింది. కాయ పట్టింది, గింజ నిండలేదు. ఆ ఏడు అప్పు వడ్డీకే సరిపోయింది మాకు. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడ శనగ రకాలు కూడా తయారు చేశారు. (వాళ్ల పత్తి రకం ఒకదాని పేరు 'నరసింహ'. సామి అక్కడికీ పోయినాడు!)

మరి చలి గురించి సర్కారు లెక్కలు? వాతావరణ శాఖ పుట్టింది 1875లో. ఆ మరుసటి ఏడే ధాత కరువు. 1878 దాకా సీమను ఊడ్చేసింది. దాంతో అందరి చూపూ వాన మీదే. 1886 జూన్ 4న ఇచ్చిన మొదటి సీజన్ అంచనా కూడా నైరుతి వానల గురించే. అది న్యాయమే, వాన లేక చచ్చిన జనం వాళ్లు. చలి ఎప్పుడు పోతుందన్న మాట మాత్రం అవ్వల నోట్లోనే ఉండిపోయింది.

జపాన్‌లో ఇంకోలా జరిగింది. క్యోటో నగరంలో చెర్రీ పూలు ఎప్పుడు విచ్చుకున్నాయో రాజులు, సన్యాసులు డైరీల్లో రాసుకున్నారు. 812వ సంవత్సరం నుంచి తేదీలున్నాయి. వాతావరణం కోసం కాదు, పూల పండగ కోసం రాసుకున్నారు. యసుయుకి అఓనో అనే పరిశోధకుడు వాటిని ఏరి కూర్చాడు. 2021లో మార్చి 26నే పూలు నిండుగా పూశాయి. పన్నెండు వందల ఏళ్ల లెక్కలో అప్పటిదాకా అంత తొందరగా ఎన్నడూ పూయలేదు. ఆ మాట ధైర్యంగా చెప్పగలిగారంటే పాత డైరీల వల్లే.

మనకు చెట్లు లేవా? నల్లమలలో ఆకు రాల్చిన బూరుగు ఎర్రగా పూస్తుంది. మోదుగ మొత్తం చెట్టు నిప్పంటుకున్నట్టు కనపడుతుంది. ఉగాదికి వేపపూత. గుర్తులు బోలెడు, తేదీలే లేవు. "ముందు మోదుగ ఇంకా ఆలస్యంగా పూసేది" అంటుంది అవ్వ. ఎన్ని రోజులు ఆలస్యం అంటే చెయ్యి తిప్పుతుంది. ఆమెది నిజమో, మతిమరుపో తేల్చే కాగితం ఎక్కడా లేదు. నాకు నిజంగా బాధేసింది ఇక్కడే.

అప్పుడు గ్యాలరీ తెరిచాను. అహోబిలం దారిలో స్నేహితులతో దిగిన సెల్ఫీలు. మా తలల వెనక అదే మోదుగ. ఒక ఏడు ఫిబ్రవరి 11న మొగ్గలే ఉన్నాయి. ఇంకో ఏడు ఫిబ్రవరి 9కే సగం చెట్టు పూసింది. రెండేళ్లతో ఏమీ తేలదు, నాకు తెలుసు. కానీ ఫోటో తీసిన రోజు ఫోన్ దానంతట అదే రాసి పెట్టింది. మన దేశంలో సీజన్‌వాచ్ అని ఒకటుంది, మామూలు జనం ఒక చెట్టును ఎంచుకొని దాని ఆకు, పూత, కాయ రాసి పంపొచ్చు. నేను ఆ దారిలో మోదుగనే ఎంచుకున్నా.

అవ్వకు ఫోటోలు చూపించా. కళ్లజోడు సర్దుకొని, "ఈ చెట్టు కాదురా, దీని తల్లి చెట్టు ఉండేది, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసినారు" అంది. ఆదివారం ఆమెను కూడా బండి మీద తీసుకుపోతున్నా, ఆ చోటు చూపిస్తానంటోంది.